కలం పట్టిన స్త్రీలు - పూచీ పడిన ప్రచురణకర్త

ఆంగ్ల సాహిత్యంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి జాన్సన్ అనగానే నిఘంటువు రచించిన డాక్టర్ సామ్యూల్ జాన్సన్ గుర్తుకు రావటం సహజం. అదే లండన్ నగరంలో, ఆయన జీవించిన కాలంలోనే, జాన్సన్ అనే ఇంటిపేరుతో మరొకరు ఉండేవారు. ఆయన పేరు జోసెఫ్ జాన్సన్. కవి కాడు, పండితుడని పేరు మోసినవాడూ కాడు. సెంట్ పాల్ దేవాలయపు ఆవరణలో 72వ నంబరు ఇంట్లో పుస్తకాల దుకాణం నడుపుకున్న వర్తకుడు. తాను గ్రంథాలు వ్రాసి కీర్తి గడించలేదు. కాని పద్దెనిమిదవ శతాబ్ది చివరి ముప్పై ఏళ్లలో ఇంగ్లండులో కలం పట్టిన స్త్రీల చరిత్ర తిరగవేస్తే, పుస్తకం తరువాత పుస్తకం మీద మొదటి పుటలో అడుగున ఈయన పేరే కనిపిస్తుంది.

రచయిత్రులను గురించి మనకు అంతో ఇంతో తెలుసు. వారి వ్రాతప్రతిని చేతికి తీసుకొని, కాగితానికీ అచ్చుకూ డబ్బు పెట్టి, లాభమో నష్టమో తానే భరించిన మనిషిని గురించి సాధారణంగా ఎవరూ చెప్పరు. అందుచేత ఆ ముచ్చట ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఆనాటి పరిస్థితి

ఆ రోజుల్లో ఇంగ్లండులో స్త్రీలు వ్రాయకపోలేదు. వ్రాసినవారు చాలామందే ఉన్నారు. అయితే పేరు పెట్టుకోవటానికి జంకేవారు. పుస్తకం మీద “ఒక స్త్రీ రచించినది” అని మాత్రం ఉండేది, లేదా ఏ పేరూ ఉండేది కాదు. 1778లో వెలువడిన “ఎవెలీనా” నవల కథ ఇందుకు మంచి నిదర్శనం. దానిని వ్రాసిన ఫ్రాన్సెస్ బర్నీ తన దస్తూరి ఎవరైనా పోల్చుకుంటారేమోనని ప్రతి మొత్తం దస్తూరి మార్చి మళ్లీ వ్రాసింది. ఆమె తమ్ముడు మారువేషం వేసుకొని దానిని ప్రచురణకర్తకు అందించి వచ్చాడు. ఆ నవల ఊరంతా మారుమ్రోగింది. ఆమెకు దక్కినది 20 గినీలు. గినీ అంటే 21 షిల్లింగులు, అనగా పౌను మీద ఒక షిల్లింగు ఎక్కువ.

పెళ్లి అయిన స్త్రీకి ఇంకొక చిక్కు ఉండేది. ఆనాటి చట్టం ప్రకారం భార్య సంపాదన భర్తదే. ఆమె వ్రాసిన పుస్తకానికి వచ్చిన డబ్బు కూడా ఆయనదే. ఒప్పందం మీద ఆమె చేవ్రాలుకు సొంతంగా విలువ లేదు. ఈ చట్టం 1870లో కొంతవరకు, 1882లో చాలవరకు మారింది. అంతదాకా ఎందరు రచయిత్రులు పిల్లలను పోషించుకోవటానికి రాత్రింబగళ్లు వ్రాసి, ఆ డబ్బు కోసం వచ్చే భర్తలకు భయపడి బ్రతికారో!

ఇక పుస్తకం వెలువడే పద్ధతులు. అప్పుడు పుస్తకాలమ్మే వర్తకుడే ప్రచురణకర్త కూడా. గ్రంథకర్త తన హక్కును ఒక మొత్తానికి అమ్మివేయటం ఒక పద్ధతి. ఖర్చులు పోగా వచ్చిన లాభాన్ని చెరిసగం పంచుకోవటం రెండవది. ముందుగానే చందాదారులను పోగుచేసి వారి డబ్బుతో అచ్చువేయటం మూడవది. గ్రంథకర్తే ఖర్చంతా పెట్టుకోవటం నాలుగవది. చేతిలో కాసులు లేని స్త్రీకి, గొప్పవారి పరిచయాలు లేని స్త్రీకి, చివరి రెండూ పనికిరావు. కనుక ఆమె తలరాత ప్రచురణకర్త మాట మీద ఆధారపడి ఉండేది.

జాన్సన్ ఎవరు?

జోసెఫ్ జాన్సన్ 1738లో లివర్‌పూల్ దగ్గర ఎవర్టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి బాప్టిస్టు మతశాఖకు చెందినవాడు. ప్రభుత్వ మతశాఖ అయిన చర్చి ఆఫ్ ఇంగ్లండులో చేరనివారికి ఆ కాలంలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టాలు లేవు, సర్కారు పదవులు లేవు. వారు తమ చదువుల కోసం తామే విద్యాలయాలు పెట్టుకున్నారు, తమ పుస్తకాలు తామే ప్రచురించుకున్నారు. జాన్సన్ పదహారో ఏట లండన్ వచ్చి ఒక పుస్తక వర్తకుని దగ్గర పని నేర్చుకున్నాడు. 1761లో సొంత దుకాణం తెరిచాడు. 1770 జనవరిలో దుకాణం అగ్నికి ఆహుతి అయింది. సరుకంతా బూడిద అయింది. స్నేహితులు తలా కొంత వేసుకొని ఆయనను మళ్లీ నిలబెట్టారు. అప్పుడు చేరినదే సెంట్ పాల్ ఆవరణలోని ఇల్లు. తరువాత ముప్పై తొమ్మిదేళ్లు, చనిపోయేవరకు, ఆయన అక్కడే వ్యాపారం చేశాడు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఉబ్బసంతో బాధపడేవాడు. ఆడంబరమైన పుస్తకాల మీద ఆయనకు మోజు లేదు. సాదా కాగితం మీద, తక్కువ ధరకు, ఎక్కువమంది కొనగలిగేటట్లు అచ్చువేయటమే ఆయన పద్ధతి. ప్రతి వారం మేడమీది గదిలో స్నేహితులకు భోజనం పెట్టేవాడు. ఆ గది గోడలు కూడా సరిగా లేక వంకరగా ఉండేవట. ఉడికించిన చేప, దూడమాంసం, కూరగాయలు, బియ్యంతో చేసిన పాయసం వంటి వంటకం, ఇంతే విందు. గోడ మీద మిత్రుడు ఫ్యూస్లీ వేసిన “పీడకల” అనే చిత్రం వ్రేలాడుతూ ఉండేది. శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్‌లీ, చిత్రకారుడూ కవీ అయిన బ్లేక్, “మానవుని హక్కులు” వ్రాసిన థామస్ పెయిన్ వంటివారు ఆయన పరిచయస్థులు. ఆ బల్ల దగ్గర స్త్రీలు అతిథుల భార్యలుగా గాక, గ్రంథకర్తలుగా తమ హక్కున కూర్చున్నారు. విశేషం అది.

ఆనా బార్బాల్డ్

వారిలో మొదట చెప్పవలసినది ఆనా లెటీషియా బార్బాల్డ్. 1743లో పుట్టింది. పెళ్లికి ముందు ఆమె ఇంటిపేరు ఐకిన్. తండ్రి వారింగ్టన్‌లోని విద్యాలయంలో అధ్యాపకుడు. ఆమె వ్రాసిన పద్యాలు చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయినవి. అచ్చువేయించుకోమని అన్నగాని తమ్ముడుగాని ప్రోత్సహించని ఆడవారు ఎందరో ఆ కాలంలో ఉన్నారు. ఈమె అదృష్టం కొద్దీ తమ్ముడు జాన్ ఐకిన్ పట్టుబట్టాడు. జాన్సన్ ఆ పద్యాలను 1773లో ప్రచురించాడు. ఒక్క సంవత్సరంలో నాలుగు కూర్పులు వెలువడినవి. ముప్పై ఏళ్ల యువతి ఒక్కసారిగా దేశమంతటా పేరు తెచ్చుకుంది.

ఆ తరువాత ఆమె చేసిన పని ఇంకా గొప్పది. 1774లో పెళ్లి చేసుకొని, భర్తతో కలిసి పాల్‌గ్రేవ్ గ్రామంలో బడి నడిపింది. తమ్ముని కుమారుడు చార్లెస్‌ను పెంచుకుంది. వానికి చదువు చెప్పటానికి తగిన పుస్తకాలు దొరకలేదు. చిన్నపిల్లల కళ్లకు ఆనాటి సన్నటి అక్షరాలు ఆనవు. అప్పుడు తానే “పిల్లల పాఠాలు” వ్రాసింది. 1778, 1779 సంవత్సరాలలో అవి వెలువడినవి. పెద్ద పెద్ద అక్షరాలు, చుట్టూ విశాలమైన ఖాళీ, తల్లీ బిడ్డా మాట్లాడుకుంటున్నట్లు చిన్న చిన్న వాక్యాలు. ఇలా అచ్చువేస్తే కాగితం ఎక్కువ పడుతుందనీ ఖర్చు పెరుగుతుందనీ లెక్క తెలిసిన వర్తకుడు ఎవడైనా అనగలడు. జాన్సన్ ఆమె అడిగినట్లే అచ్చువేయించాడు. ఈనాడు మన పిల్లల వాచకాలలో పెద్ద అక్షరాలు చూసి మనం ఆశ్చర్యపడం. ఒకప్పుడు దానికోసం ఒకరు అడగవలసి వచ్చింది, ఒకరు ఒప్పుకోవలసి వచ్చింది.

మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్

రెండవ ఆమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. 1759లో జన్మించింది. తండ్రి త్రాగుబోతు, ఆస్తి హరించినవాడు. చెల్లెళ్ల భారం ఆమె మీద పడింది. న్యూయింగ్టన్ గ్రీన్‌లో బడి పెట్టింది. అది నిలవలేదు. అప్పులు మిగిలినవి. ఆ సమయంలో ఒక మిత్రుని సలహా మీద ఆడపిల్లల చదువును గురించి చిన్న పుస్తకం వ్రాసింది. జాన్సన్ దానికి 10 గినీలు ఇచ్చాడు. చనిపోయిన తన స్నేహితురాలి తల్లిదండ్రులు ఐర్లండు చేరుకోవటానికి ఆమె ఆ డబ్బు వెచ్చించింది. అప్పుల్లో మునిగిన మనిషి మొదటి సంపాదనతో చేసిన పని అది.

తరువాత ఐర్లండులో ఒక ప్రభు కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగానికి వెళ్లింది. 1787లో యజమానురాలు ఆమెను తొలగించింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. చేతిలో డబ్బు లేదు, ఆదుకునే పుట్టిల్లు లేదు. నేరుగా జాన్సన్ దుకాణానికి వచ్చింది. ఆయన కొన్ని వారాలు తన ఇంట్లో చోటిచ్చి, తరువాత బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర చిన్న ఇల్లు చూసిపెట్టాడు. అంతకంటె ముఖ్యం, పని ఇచ్చాడు. ఫ్రెంచి నుంచి అనువాదాలు చేయించాడు. జర్మను భాష ఆమె ఆ పని కోసమే నేర్చుకుంది. 1788 మేలో మొదలైన “అనలిటికల్ రివ్యూ” అనే మాసపత్రికలో పుస్తక విమర్శలు వ్రాయించాడు. పిల్లల కోసం ఆమె వ్రాసిన కథలను 1788లో అచ్చువేసి, 1791 కూర్పుకు బ్లేక్ చేత బొమ్మలు వేయించాడు.

నెలనెలా పని ఉండటం, పనికి డబ్బు రావటం, ఈ రెండూ ఎంత గొప్ప విషయాలో జీతం మీద బ్రతికేవారికి వేరే చెప్పనక్కరలేదు. కలం మీద బ్రతకాలని నిశ్చయించుకున్న స్త్రీకి ఆ ధైర్యం ఆ దుకాణం వల్ల వచ్చింది. ఆయన ఆమె అప్పులవారితో మాట్లాడేవాడు, లెక్కలు సర్దేవాడు, దిగులుపడితే మందలించేవాడు. తనకు తండ్రీ అన్నా ఉన్నా లేనట్లేననీ, ఆ ఇద్దరి స్థానం జాన్సనే నింపాడనీ ఆమె ఒక ఉత్తరంలో ఆయనకే వ్రాసుకుంది.

అచ్చయిన ఫారాలు

1790లో జరిగిన ఒక సంఘటన వీరిద్దరి స్వభావాలనూ తెలుపుతుంది. ఫ్రెంచి విప్లవాన్ని ఖండిస్తూ ఎడ్మండ్ బర్క్ ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. దానికి జవాబుగా మేరీ వ్రాయటం మొదలుపెట్టింది. ఆమె వ్రాస్తున్నకొద్దీ కాగితాలు అచ్చుకు పోతున్నవి. సగంలో ఆమెకు ఉత్సాహం చచ్చిపోయింది. ఒకనాటి సాయంకాలం జాన్సన్ దగ్గరకు వెళ్లి తనవల్ల కాదని చెప్పింది. మరొక ప్రచురణకర్త అయితే ఏమనేవాడు? అచ్చుకు పెట్టిన డబ్బు చెప్పి కోప్పడేవాడు, లేదా బ్రతిమాలేవాడు. జాన్సన్ ఆ రెండూ చేయలేదు. దిగులుపడవద్దు, నీకు ఇష్టం లేకపోతే అచ్చయిన ఫారాలు సంతోషంగా పారవేస్తానన్నాడు. ఆమె బహుశా మందలింపు కోసం వచ్చి ఉంటుంది. ఈ మాటకు ఆమె పౌరుషం మేల్కొంది. ఇంటికి వెళ్లి కూర్చొని పుస్తకం పూర్తిచేసింది.

నవంబరు చివర అది పేరు లేకుండా వెలువడింది. మూడు వారాలలో రెండవ కూర్పు కావలసి వచ్చింది. ఈసారి ఆమె పేరు మీద వేశారు. 1792లో “స్త్రీల హక్కుల సమర్థన” వెలువడింది. సుమారు ఆరు వారాలలో వ్రాసినదని ఆమె భర్త తరువాత చెప్పాడు. స్త్రీకి బుద్ధి పురుషునితో సమానమే, చదువు లేకపోవటం వల్లనే ఆమె అల్పవిషయాలకు అంటిపెట్టుకున్నదని ఆ పుస్తకపు సారాంశం. ఆ ఏడే రెండవ కూర్పు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉంది. ఆ పుస్తకంలోనే మేరీ, బార్బాల్డ్ వ్రాసిన ఒక పద్యాన్ని తప్పు పట్టింది. ఆడవారిని పూలతో పోల్చటం వారిని తక్కువచేయటమే అన్నది. బార్బాల్డ్ కూడా స్త్రీల హక్కులను గురించి జవాబువంటి పద్యం ఒకటి వ్రాసుకుంది, అది ఆమె మరణానంతరం 1825లో అచ్చయింది. ఇద్దరికీ ప్రచురణకర్త ఒకడే. ఒకరిని మెప్పించటానికి మరొకరి మాట దిద్దమని ఆయన అనలేదు. సారా ట్రిమ్మర్ అనే మరొక రచయిత్రి ప్రభుత్వ మతశాఖకు గట్టి భక్తురాలు, విప్లవాలంటే గిట్టనిది. ఆమె పిల్లల కథల పుస్తకం 1786లో వచ్చినప్పుడు ప్రచురణకర్తల జాబితాలో జాన్సన్ పేరు కూడా ఉంది.

మరియా ఎడ్జ్‌వర్త్, మరికొందరు

మరియా ఎడ్జ్‌వర్త్ ఐర్లండులో స్థిరపడిన భూస్వామి కుమార్తె. చిన్నతనంలో తండ్రి చెప్పగా ఒక ఫ్రెంచి గ్రంథం తెనిగించినట్లుగా ఇంగ్లీషు చేయసాగింది. ఇంతలో వేరొకరి అనువాదం వచ్చి అది ఆగిపోయింది. తండ్రి మిత్రుడు థామస్ డే ఆ సంగతి విని సంతోషించి, ఆడపిల్ల గ్రంథకర్త కాకుండా తప్పినందుకు అభినందిస్తూ ఉత్తరం వ్రాశాడు. మిత్రుని మాట కాదనలేక తండ్రి ఊరుకున్నాడు. 1789లో డే చనిపోయాడు. 1795లో మరియా మొదటి పుస్తకం వెలువడింది. చదువుకున్న స్త్రీలను గురించి ఇద్దరు పెద్దమనుషులు వ్రాసుకొన్న ఉత్తరాలతో అది మొదలవుతుంది. ఒకరు కూడదంటారు, ఒకరు కావాలంటారు. ఆ వాదన ఎక్కడ విన్నదో వేరే చెప్పాలా? దానిని ప్రచురించినవాడు జాన్సనే. తరువాత పిల్లల కథలు, 1798లో తండ్రితో కలిసి వ్రాసిన విద్యాగ్రంథం, 1800లో “కాజిల్ రాక్‌రెంట్” నవల, 1801లో “బెలిండా”, అన్నీ ఆ దుకాణం నుంచే వచ్చినవి. తన నవలలకు ఎడ్జ్‌వర్త్ దారి చూపిందని సర్ వాల్టర్ స్కాట్ స్వయంగా చెప్పుకున్నాడు.

షార్లట్ స్మిత్ కథ వింటే జాలి వేస్తుంది. పదహారేళ్లు నిండకుండానే పెళ్లి. పన్నెండుమంది పిల్లలు. భర్త అప్పులపాలై 1783లో చెరసాలకు పోయినాడు. ఆమె పద్యాలూ నవలలూ వ్రాసి కుటుంబాన్ని పోషించింది. భర్తను విడిచి వేరుగా ఉంటున్నప్పుడు కూడా ఆమె ఆదాయం మీద అతనికే హక్కు ఉండేది. ఆమె చాలా పుస్తకాలు ఇతరులు ప్రచురించారు. చివరిదశలో పిల్లలకు కవిత్వం పరిచయం చేసే గ్రంథం 1804లోను, 1806లో ఆమె మరణించిన తరువాత “బీచీ హెడ్” అనే కావ్యం 1807లోను జాన్సన్ ప్రచురించాడు. మేరీ హేస్ అనే రచయిత్రి నవల “విక్టిమ్ ఆఫ్ ప్రెజుడిస్” 1799లో ఆయన పేరు మీదనే వెలువడింది.

జైలు

1799 అంటే జాన్సన్ జైలులో ఉన్న సంవత్సరం. ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్న రోజులు. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ గిల్బర్ట్ వేక్‌ఫీల్డ్ అనే పండితుడు ఒక కరపత్రం వ్రాశాడు. దానిని ప్రచురించినవాడు వేరొకడు. జాన్సన్ దుకాణంలో కొన్ని ప్రతులు అమ్మారు. ఆ నేరానికి 1798లో విచారణ జరిగింది. ప్రసిద్ధ న్యాయవాది ఎర్‌స్కిన్ వాదించినా జ్యూరీ దోషి అన్నది. 1799 ఫిబ్రవరిలో ఆరు నెలల శిక్ష, 50 పౌనుల జరిమానా విధించారు. అరవై ఏళ్ల ఉబ్బసపు మనిషి కింగ్స్ బెంచ్ జైలుకు వెళ్లాడు. డబ్బు చెల్లించగల ఖైదీలకు అక్కడ వేరుగా ఇల్లు తీసుకొనే వీలుండేది. జాన్సన్ అలాగే చేసి, వారం వారం భోజనాలు అక్కడ కూడా సాగించాడు. ఆయన విడుదలైన కొద్ది నెలలకే “కాజిల్ రాక్‌రెంట్” వెలువడింది. “అనలిటికల్ రివ్యూ” మాత్రం ఆ దెబ్బకు నిలవలేదు.

ఖర్చు పద్దు

ఒక మనిషి జీవితంలో జమ పద్దులే చూపి ఖర్చు పద్దు దాచటం న్యాయం కాదు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1797 మార్చిలో విలియం గాడ్విన్ అనే తత్త్వవేత్తను పెళ్లాడింది. వీరిద్దరూ మొట్టమొదట కలుసుకున్నది 1791లో జాన్సన్ భోజనాల బల్ల దగ్గరనే. ఆనాడు పెయిన్ మాటలు వినాలని వచ్చిన గాడ్విన్, ఈమె మాటలే ఎక్కువ వినవలసి వచ్చిందని విసుక్కున్నాడట! పెళ్లయిన ఆరు నెలలలోపే, 1797 సెప్టెంబరు 10న, ప్రసవానంతరం జ్వరంతో ఆమె మరణించింది. అప్పటికి 38 ఏళ్లు. పుట్టిన ఆడపిల్ల పెరిగి పెద్దదై “ఫ్రాంకెన్‌స్టైన్” నవల వ్రాసింది. 1818లో అదికూడా పేరు లేకుండానే వచ్చింది.

భార్య పోయిన దుఃఖంలో గాడ్విన్ ఆమె జీవితచరిత్ర వ్రాశాడు. ఏదీ దాచలేదు. పెళ్లికాకుండా ఆమెకు ఒక బిడ్డ కలగటం, మోసపోయి రెండుసార్లు ప్రాణం తీసుకోబోవటం, అన్నీ వ్రాశాడు. 1798లో జాన్సన్ దానిని ప్రచురించాడు. లోకం భగ్గుమన్నది. వైరిపక్షం పత్రిక ఒకటి తన విషయసూచికలో ఆమె పేరును ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో చెప్పరాని మాట క్రింద చేర్చింది. దాంతో ఆమె పుస్తకాన్ని మెచ్చుకునేవారు కూడా చాలాకాలం పైకి చెప్పటానికి భయపడ్డారు. ఆమె బ్రతికి ఉండగా అంత శ్రద్ధగా కాచుకున్న మనిషి, పోయిన తరువాత ఆ పుస్తకం మీద తన పేరు వేయకుండా ఆగి ఉండవలసిందా? సత్యం చెప్పటమే ధర్మమని వారు తలచి ఉండవచ్చు. ఆ సత్యానికి మూల్యం మాత్రం ఆమె పేరు చెల్లించింది, ఆమెవలె కలం పట్టిన ఇతర స్త్రీలు కూడా చెల్లించారు. ఆమె బడి పెట్టిన న్యూయింగ్టన్ గ్రీన్‌లో ఆమె స్మారక శిల్పం వెలసినది 2020లో. రెండు వందల ఇరవై ఏళ్లు దాటిన తరువాత!

ఆ తరువాత

జాన్సన్ 1809 డిసెంబరు 20న మరణించాడు. దుకాణం బంధువుల చేతికి పోయి, అదే పేరుతో నడిచింది. 1812లో వృద్ధురాలైన బార్బాల్డ్ యుద్ధాన్ని నిరసిస్తూ, ఇంగ్లండు వైభవం ఒకనాడు అంతరిస్తుందని హెచ్చరిస్తూ ఒక దీర్ఘకావ్యం ప్రకటించింది. “క్వార్టర్లీ రివ్యూ” పత్రిక ఆమెను ఎగతాళి చేసింది. రాజకీయాలు నీకెందుకు, అల్లిక సూదులు పట్టుకో అన్న ధోరణిలో వ్రాశారు. ఆమె 1825 దాకా బ్రతికింది. కాని ఆ తరువాత చెప్పుకోదగిన కావ్యమేదీ అచ్చుకివ్వలేదు. జాన్సన్ ఉన్నట్లయితే ఆమె చేత మళ్లీ కలం పట్టించి ఉండేవాడని చెప్పటానికి ఆధారం లేదు. కాని నలభై ఏళ్ల క్రితం తమ్ముడూ ప్రచురణకర్తా చెరొక వైపు నిలబడగా బయటికి వచ్చిన రచయిత్రి, చివరికి ఒంటరిగా మిగిలిపోయిందని మాత్రం అనవచ్చు.

1804లో ఎడ్జ్‌వర్త్ కుటుంబంవారు స్త్రీలే వ్రాసి నడిపే పత్రిక ఒకటి పెడదామని బార్బాల్డ్‌ను కోరారు. ఆమె ఒప్పుకోలేదు. రచయిత్రులంతా స్త్రీలైనంత మాత్రాన ఒక జట్టు కారు, పురుషులలో ఎన్ని అభిప్రాయభేదాలున్నవో స్త్రీలలోనూ అన్ని ఉన్నవి అన్నది ఆమె సమాధానపు భావం. ఆలోచించదగిన మాట. జాన్సన్ దుకాణంలో జరిగినదికూడా ఇదే. భక్తురాలు, విప్లవవాది, బడిపంతులమ్మ, భూస్వామి కూతురు, భర్త అప్పులు తీర్చే ఇల్లాలు, అందరూ అక్కడికి వచ్చారు. ఆడవారన్న దయతో ఆయన వారి వ్రాతలు తీసుకోలేదు. చదివి, బాగున్నదనుకొని, డబ్బు పెట్టి, నష్టం వస్తే తనదేనని తీసుకున్నాడు.

మనవంటి చిన్న సంఘాల మాసపత్రికలకు ఆయనకున్న మూలధనం లేదు, పారితోషికాలు ఇచ్చే స్తోమతు లేదు. కాని మన ఇళ్లలో పెట్టె అడుగున నోటుపుస్తకాలు దాచుకున్న అత్తలూ, అక్కలూ, కోడళ్లూ లేరా? దానిని అడిగి తీసుకొని, పూర్తిగా చదివి, సగంలో ఆపితే ఓపికగా కాచుకొని, వారి పేరుతోనే అచ్చువేయటానికి పెద్ద మూలధనం అక్కరలేదు. బార్బాల్డ్ పద్యాలు కూడా ఒకప్పుడు ఇంట్లోనే ఉండేవి.